వెడల్పు ముందా, రబ్బరు ముందా?

స్పోర్ట్స్ కారు అనగానే కోటీశ్వరుల ఇంటి ముందు నిలబడే బండే కళ్లముందుకొస్తుంది. అమెరికాలో మాత్రం ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు కూడా ఆశపడగలిగిన స్పోర్ట్స్ కారు ఒకటి చాలాకాలంగా ఉంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మజ్దా కంపెనీ చూపించిన ఎంఎక్స్-5 అది. అమెరికాలో మియాటా అంటారు. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, టన్నుకు కాస్త తక్కువ బరువు. తిప్పే శక్తి వెనక చక్రాలకు. ఆ తొలి తరం బళ్లు ముప్పై ఏళ్లు దాటినా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను తిరిగినంత కాలం టైర్లు తిరగవు కదా, అక్కడ మొదలవుతుంది తగువు. ఏ కొలత టైర్లు వెయ్యాలి? డబ్బు తక్కువున్నప్పుడు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు? ఈ వాదానికి హ్యూస్టన్‌లో ఉండే ఒక కుర్రవాణ్ణి, అతని అక్క మొగుణ్ణి ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మనుషులు కల్పితం. వాదనలు మాత్రం ఏ టైరు షాపు ముందు నిలబడ్డా వినిపించేవే. నేను బావ పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అయితే బామ్మర్ది చేతికి చెక్క కత్తి ఇచ్చి పోటీకి దింపలేదు, చూడండి.

బామ్మర్ది: బావా, నా చేతిలో ఏడొందల డాలర్లున్నాయి. బండికున్నవి గుండు టైర్లు. కంపెనీవాడు 1990లో 185/60 ఆర్14 వేసి పంపాడు. 185 అంటే మన ఊళ్లో స్విఫ్ట్ పై రకాలకు వచ్చే వెడల్పు. స్పోర్ట్స్ కారుకి అదేం టైరు? పోర్షా చూడండి, ఫెరారీ చూడండి, వెనక చక్రాలు రోడ్డు రోలర్లలా ఉంటాయి. నేలను తాకే రబ్బరు ఎక్కువైతే పట్టు ఎక్కువవుతుంది, ఇందులో తెలియనిదేముంది? నాకు 17 అంగుళాల అల్లాయ్‌లు 215/40 టైర్లతో సహా సెకండ్‌హ్యాండ్‌లో ఐదొందలకే దొరుకుతున్నాయి. బండి అందం పెరుగుతుంది, పట్టు పెరుగుతుంది, పైగా రెండొందలు మిగులుతాయి. మీరు కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

బావ: అందం సంగతి నీ ఇష్టం. అందం కోసమే కొంటున్నానంటే ఈ మాటలన్నీ అనవసరం. పట్టు కోసం అన్నావు కాబట్టి లెక్కలోకి దిగుదాం. 185/60 ఆర్14లో 185 టైరు పక్కల మధ్య వెడల్పు, మిల్లీమీటర్లలో. నేలను తాకే భాగం అంతకన్నా తక్కువే. 60 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. 14 అంగుళాల రిమ్ముకి పైనా కిందా ఆ 111 కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 578 మిల్లీమీటర్లు. ఇప్పుడు నీ 215/40 ఆర్17 లెక్క కట్టు. దాదాపు 604. నాలుగున్నర శాతం ఎక్కువ. స్పీడోమీటరు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది గానీ చక్రం ఎంత పెద్దదో దానికి తెలియదు. అది 70 మైళ్లు చూపిస్తుంటే నువ్వు 73 మీద పోతుంటావు. అది పోలీసుతో వచ్చే తంటా, దాన్నలా ఉంచు. అసలు నష్టం గేర్లలో ఉంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ నాలుగున్నర శాతం బరువెక్కినట్టే. 400 గుర్రాల బండికి అది తెలియను కూడా తెలియదు. 116 గుర్రాల బండికి ఎత్తు ఎక్కేటప్పుడూ, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడూ ప్రతిసారీ తెలుస్తుంది. పైగా 111 మిల్లీమీటర్ల సైడ్‌వాల్ పోయి 86 వస్తుంది. గుంత తగిలితే ముందు దెబ్బ తినేది రిమ్ము. ఫెండరుకి రాసుకుంటుందా లేదా అన్నది రిమ్ము ఆఫ్‌సెట్‌ని బట్టి వేరే పంచాయితీ.

బామ్మర్ది: ఎత్తు సంగతి ఒప్పుకుంటాను. ఎత్తు తగ్గించి వెడల్పు మాత్రం పెంచుతాను, అప్పుడేమంటారు? నేల మీద ఎక్కువ రబ్బరు ఉండడం మంచిదా కాదా?

బావ: నువ్వనుకున్నంత ఎక్కువ రబ్బరు నేల మీదికి రాదు. నీ బండి, నువ్వు కలిపి ఓ 1,050 కిలోలు అనుకుందాం. ముందూ వెనకా బరువు ఇంచుమించు సగం సగం పంచిన బండి అది. ఒక్కో చక్రం మీద 260 కిలోల పైచిలుకు. మజ్దా చెప్పిన గాలి 26 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి 1.83 కిలోలు. బరువును మోసేది ప్రధానంగా లోపలి గాలే కాబట్టి నేలను తాకే జాగా సుమారు 140 చదరపు సెంటీమీటర్లు. గాలి మార్చకుండా 185 తీసి 215 వేసినా ఆ జాగా ఇంచుమించు అంతే. టైరు అల్లిక గట్టిదనాన్ని బట్టి కొద్దిగా తేడా వస్తుంది, అంతే. మారేది ఆకారం. సన్న టైరు మచ్చ నిలువుగా పొడుగ్గా ఉంటుంది, వెడల్పు టైరు మచ్చ అడ్డంగా పొట్టిగా ఉంటుంది. అడ్డంగా ఉండడం వల్ల లాభం లేదని నేననను. మలుపులో స్టీరింగ్ తిప్పిన వెంటనే స్పందన చురుగ్గా ఉంటుంది. బరువంతా బయటి చక్రాల మీదికి ఒరిగినప్పుడు రబ్బరు మరీ నలిగిపోదు. ట్రాక్ మీద గంటసేపు చితక్కొడితే వేడిని ఎక్కువ చోట పంచుకుంటుంది. కానీ ఈ లాభాలన్నీ టైరు మీద బరువూ వేడీ ఎక్కువున్నకొద్దీ పెరుగుతాయి. నువ్వు చెప్పిన పోర్షా 911కి ఇంజను వెనక ఉంటుంది, బరువు వెనకే ఎక్కువ, శక్తీ వెనకే. అందుకే దాని వెనక టైర్లు వెడల్పు. నీ బండికి ఆ బరువూ లేదు, ఆ శక్తీ లేదు. ఆఫీసుకి వెళ్లే దారిలో తేలిక బండి వెడల్పు టైర్లను వేడెక్కించనే లేదు. వేడెక్కని రబ్బరు ఎంత వెడల్పుంటే ఏం లాభం?

బామ్మర్ది: ఇవన్నీ కంపెనీవాణ్ణి వెనకేసుకొచ్చే మాటలు. కంపెనీవాడు సన్న టైర్లు వేసేది మైలేజీ అంకె బాగుండాలనీ, ఖర్చు తగ్గాలనీ. నా పట్టు గురించి వాడికేం పట్టింది? 2012లో వచ్చిన టొయోటా 86 చూడండి. స్పోర్ట్స్ కారు అని చెప్పి ప్రియస్‌లో వాడే మిషెలిన్ ప్రైమసీ టైర్లు తగిలించారు. పిసినారితనం కాకపోతే ఏమిటది?

బావ: మైలేజీ, ఖర్చు కంపెనీల లెక్కలో ఉంటాయి, కాదనను. నువ్వెత్తిన ఉదాహరణ మాత్రం నా పక్షానికే పనికొస్తుంది. ఆ కారు రూపకల్పనకు నాయకత్వం వహించిన ఇంజినీరు తెత్సుయా తాదా పట్టు తక్కువున్న టైరునే కావాలని కోరుకున్నాడు. మామూలు వేగంలోనే బండి కాస్త జారాలి, నడిపేవాడికి ఆ ఆట అందుబాటులో ఉండాలి అన్నది అతని ఉద్దేశం. నీకు నచ్చకపోవచ్చు, కానీ అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. అసలు సాక్ష్యం దాని తర్వాతి తరంలో ఉంది. 2022 నమూనా జీఆర్86 అమెరికాలో రెండు రకాలుగా వచ్చింది. చవక రకానికి 215/45 ఆర్17, మళ్లీ అదే ప్రైమసీ టైరు. ఖరీదు రకానికి 215/40 ఆర్18, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4. రెండింటి ఎత్తూ 625, 629 మిల్లీమీటర్లు, పెద్ద తేడా లేదు. వెడల్పు రెండింటికీ 215, తేడా అసలే లేదు. ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ పట్టు కోరుకున్న వాడికి టొయోటా అమ్మింది రబ్బరు. వెడల్పు ఒక్క మిల్లీమీటరు పెంచలేదు. రిమ్ము అంగుళం పెంచారు కదా అంటావేమో. రిమ్ము పెరిగితే సైడ్‌వాల్ తగ్గి స్టీరింగ్ బిర్రుగా ఉంటుంది. తడిరోడ్డు మీద బ్రేకు పట్టేది రబ్బరూ దాని మీది గాళ్లే. మజ్దా సంగతి కూడా చూడు. 1989లో 185 వెడల్పుతో మొదలుపెట్టింది. 2015లో వచ్చిన నాలుగో తరానికి చిన్న ఇంజనుతో 195, పెద్ద ఇంజనుతో 205. 2019 నమూనాకి గుర్రాలు 181 అయ్యాయి, టైరు 205 దగ్గరే ఆగింది. ముప్పై ఏళ్లలో పెరిగింది 20 మిల్లీమీటర్లు. ఇరవైల్లో ఉన్న నువ్వు ఒక్క శనివారం మధ్యాహ్నం 30 పెంచేద్దామంటున్నావు.

బామ్మర్ది: సరే, మీ మాటే వింటాను. రబ్బరే ముఖ్యం, కంపెనీ కొలతే సరి. ఇప్పుడు ఫోను తీసి 185/60 ఆర్14లో మంచి రబ్బరు ఎక్కడుందో చూపించండి. నేను వెతికాను. దొరికేవన్నీ పాత చిన్న కార్ల కోసం చేసిన ఆల్-సీజన్ టైర్లు. ఎక్కువ దూరం తిరగడానికి గట్టి రబ్బరుతో చేసినవి. 14 అంగుళాల కార్లు కొత్తగా రావడమే తగ్గిపోయాక మంచి టైరు ఆ కొలతలో ఎవడు చేస్తాడు? కంపెనీ కొలతకి కట్టుబడితే మీరు చెప్పిన రబ్బరు దొరకదు. రబ్బరు కావాలంటే కొలత మార్చాలి. మీ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

(ఈ వాదంలో అసలైన గట్టి దెబ్బ ఇదే. కంపెనీ కొలత దాటొద్దు అని పుస్తకం పట్టుకు కూర్చునేవాళ్లకి ఇక్కడ నోట మాట రాదు. ముప్పై ఏళ్ల క్రితం ఇంజినీరు ఒక కొలతను ఎంచుకున్నప్పుడు ఆనాటి అంగడిలో ఉన్న టైర్లను చూసి ఎంచుకున్నాడు. అంగడి మారిపోయాక ఆ కొలత ఒక్కటే మిగిలితే, మిగిలింది ఆ నిర్ణయం తాలూకు గుల్ల.)

బావ: ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ముందు రబ్బరు, దాని వెనక ఎత్తు, ఆ వెనక వెడల్పు. నేను కంపెనీ కొలతే పవిత్రం అనలేదు. కంపెనీ ఎత్తుకి దగ్గరగా, అటూఇటూ రెండు శాతం లోపల, మంచి రబ్బరు నాలుగైదు కంపెనీల నుంచి దొరికే కొలత ఏదో అదే నీ కొలత అంటున్నాను. తక్కువ డబ్బున్నవాడికి టైరు కొలత అంటే సగం లెక్కల ప్రశ్న, సగం అంగడి ప్రశ్న. నలుగురు పోటీపడి అమ్మే చోట ధర దిగుతుంది, పాత సరుకు షెల్ఫు మీద మగ్గదు. ఒకడే అమ్మే చోట వాడు చెప్పిందే ధర, వాడి దగ్గర ఎన్నేళ్ల నుంచి పడి ఉందో అదే టైరు. ఆ జల్లెడ పట్టి చూస్తే నీ బండికి జవాబు మజ్దా కంపెనీయే రాసిపెట్టింది. 1998లో అమ్మకానికొచ్చిన రెండో తరం మియాటా పై రకాలకు 15 అంగుళాల రిమ్ము మీద 195/50 ఆర్15 వేశారు. ఎత్తు 576 మిల్లీమీటర్లు, నీ పాత టైరుకీ దానికీ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ రిమ్ముల వెడల్పు ఆరంగుళాలు. బోల్టుల కొలత నీ బండిదే, 4 బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం, నడిమి రంధ్రం 54.1. ఏ అడాప్టరూ అక్కర్లేకుండా ఎక్కుతాయి. పాత మియాటాల రిమ్ములు అమ్మేవాళ్లు అమెరికాలో ఊరూరా ఉన్నారు. నీ 17 అంగుళాల సెట్టు బదులు ఈ 15 అంగుళాల రిమ్ములు టైర్లు లేకుండా కొను. వంకర లేకుండా చూసుకుంటే చాలు.

బామ్మర్ది: 15 రిమ్ముకి దిగాక 195 దగ్గరే ఎందుకు ఆగాలి? 205/50 ఆర్15 ఉంది కదా. స్పెక్ మియాటా అని ఈ బండితోనే అమెరికా అంతా రేసులు నడుస్తాయి, వాళ్లు వాడేది 205/50. పార్కింగ్ మైదానాల్లో కోన్లు పెట్టి ఆటోక్రాస్ ఆడేవాళ్లు ఏకంగా 225/45 వేస్తారు. గడియారం పెట్టుకుని పోటీపడేవాళ్లు వెడల్పుకే వెళ్తున్నారంటే మీ లెక్కకన్నా వాళ్ల గడియారమే నమ్మదగ్గది.

బావ: వాళ్ల గడియారం నిజమే చెబుతుంది, వాళ్ల ప్రశ్నకి. స్పెక్ మియాటాలో 205 వేసేది ఏడంగుళాల రిమ్ము మీద. 225 వేసేవాళ్లు ఇంకా వెడల్పు రిమ్ములు వాడతారు. ఆ టైరుకి తయారీదారులు ఒప్పుకునే రిమ్ము ఏడంగుళాల దగ్గర మొదలవుతుంది. నీ చేతికొచ్చేది ఆరంగుళాల రిమ్ము. 205 దాని మీద ఎక్కుతుంది, నిబంధన ప్రకారం తప్పు కాదు. కానీ ఆ టైరు పనితీరు బయటపడేది ఆరున్నర, ఏడు మీదే. సన్న రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే సైడ్‌వాల్‌లు లోపలికి వంగి, మలుపులో టైరు రిమ్ము మీద పక్కకి ఊగుతుంది. కొన్న వెడల్పులో కొంత ఆ ఊగులాటకే ఖర్చయిపోతుంది. ఏడంగుళాల తేలికపాటి రిమ్ములు కొనాలంటే నీ ఏడొందల్లో టైర్లకి మిగిలేది ఏమీ ఉండదు. సరైన రిమ్ము ఎవరైనా చవగ్గా ఇస్తే 205/50 వేసుకో, నాకు అభ్యంతరం లేదు. ఎత్తు 586, ఒకటిన్నర శాతం ఎక్కువ, మన హద్దులోనే ఉంది. రేసులవాళ్ల పుణ్యమా అని ఆ కొలతలో మంచి రబ్బరుకీ కరువు లేదు. ఇంకో మాట. తొలి మియాటాల్లో పవర్ స్టీరింగ్ లేనివీ ఉన్నాయి. నీది అలాంటిదైతే 225 వేశాక పార్కింగులో భుజాలకి తెలుస్తుంది.

బామ్మర్ది: మీరు రబ్బరు రబ్బరు అంటున్నారు. మంచి రబ్బరు అని నేనెలా గుర్తుపట్టాలి? టైరు మీద ట్రెడ్‌వేర్ 200 అని ఉంటే మెత్తన, 600 ఉంటే గట్టి, అంతేనా? అలా అయితే 200 ఉన్న ఫాల్కెన్ ఆర్‌టీ660 గానీ, హంకూక్ ఆర్‌ఎస్4 గానీ కళ్లు మూసుకుని కొనేస్తాను.

బావ: కళ్లు మూసుకుని కొనకు. ఆ అంకె వెనక కథ మీ టెక్సాస్‌లోనే ఉంది. సాన్ ఏంజెలో దగ్గర సుమారు 400 మైళ్ల చుట్టు దారి మీద టైర్లను 7,200 మైళ్లు నడిపి, ఎంత అరిగిందో ప్రమాణం టైరుతో పోల్చి అంకె ఇస్తారు. ప్రమాణం 100 అయితే 400 వచ్చింది నాలుగింతలు మన్నుతుందని అర్థం. అయితే చివరికి ఆ అంకె వేసేది టైరు కంపెనీయే. ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 300తో సరిపోల్చడం కష్టం. 200 సంగతైతే మరీను. క్లబ్బు పోటీల్లో వీధి టైర్ల తరగతికి 200 కన్నా తక్కువ ఉండకూడదని నియమం పెట్టారు. చూస్తుండగానే పోటీ టైర్లన్నిటి మీదా సరిగ్గా 200 వెలిసింది. ఆ కాకతాళీయం చూసి నాకు నవ్వొస్తుంది. దాని పక్కన ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బీ, సీ అక్షరాలుంటాయి. అది తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి సంగతి, మలుపుల గురించి ఒక్క మాటా చెప్పదు. అందుకని అంకెల్ని దిక్కు చూపడానికి వాడుకో, తీర్పుకి కాదు. నీలా రోజూ ఆఫీసుకెళ్లి, ఏడాదిలో రెండు మూడు ఆదివారాలు ఆటోక్రాస్ ఆడేవాడికి 200 తరగతి పోటీ టైరు అక్కర్లేదు. అది తొందరగా అరుగుతుంది, రోడ్డు మీద పూర్తిగా వేడెక్కదు, గాళ్లు తక్కువ కాబట్టి నీళ్లు నిలిస్తే బెదురుతుంది. హ్యూస్టన్ వానల సంగతి నాకన్నా నీకే తెలుసు. తేలిక బండి, వెడల్పు టైరు, లోతు తక్కువ గాళ్లు, ఈ మూడూ కలిస్తే నీటి మీద తేలడం తొందరగా మొదలవుతుంది. 300 ప్రాంతంలో ఉండి, ట్రాక్షన్ ఏఏ లేదా ఏ ఉన్న వేసవి టైరు గానీ, స్పోర్ట్ రకం ఆల్-సీజన్ గానీ చూడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిందని మరచిపోకు. అలాంటి చలిలో వేసవి రబ్బరు చెక్కలా గట్టిపడుతుంది, పోటీ రబ్బరైతే బీటలు కూడా వారొచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. అలాంటి వారంలో బండి బయటికి తియ్యాల్సిన అవసరం ఉంటే ఆల్-సీజనే.

బామ్మర్ది: పోనీ, డబ్బు ఆదా చెయ్యడానికి ఇంకో దారి. ఇప్పుడు మంచివి రెండు కొని వెనక వేస్తాను. ముందువి వాడినవి చవగ్గా తెచ్చుకుంటాను. బండి తోసేది వెనక చక్రాలు కదా. వచ్చే ఏడాది ముందువి మారుస్తాను.

బావ: రెండే కొంటే కొత్తవి వెనకే వెయ్యమన్నది నిజమే, టైరు కంపెనీలన్నీ చెప్పేదీ అదే. ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనకవి జారితే గిర్రున తిరుగుతుంది. కానీ నీ పథకంలో ముందొక రబ్బరు, వెనకొక రబ్బరు. పొడి నేల మీద ఒక రకంగా, తడి నేల మీద ఇంకో రకంగా, చల్లటి ఉదయం మరో రకంగా తూకం మారుతుంటుంది. ముందూ వెనకా ఒకే కొలత టైర్లతో సమతూకానికి పేరుపడ్డ బండి కొని, ఆ సమతూకాన్నే అమ్ముకుని రెండొందలు మిగుల్చుకున్నట్టవుతుంది. అంతకన్నా ఒక మెట్టు తక్కువ ఖరీదులో నాలుగూ ఒకటే రకం కొను. అప్పుడు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకుంటూ సమంగా అరగనివ్వొచ్చు. ఇక వాడిన టైర్లు. పక్కన డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాళ్లు ఎంత లోతున్నా వయసు దాగదు. అయిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లకి ఎంత బాగున్నా తీసెయ్యమని మిషెలిన్ లాంటి కంపెనీలు చెబుతాయి. పాత స్పోర్ట్స్ కార్ల టైర్లు అరిగి పోవడం తక్కువ, ముదిరి పోవడం ఎక్కువ. ఎక్కువ భాగం షెడ్డులో గడిపే బళ్లు కదా. నీ ఐదొందల 17 అంగుళాల సెట్టులో ఆ నాలుగంకెలు చూశావా?

బామ్మర్ది: చూడలేదు. సరే, అడుగుతాను. 195/50 వేశానే అనుకోండి, గాలి ఎంత కొట్టాలి? షాపువాళ్లు 35 కొడతారు.

బావ: టైరు పక్కన రాసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ గాలి, నీ బండికి కావలసిన గాలి కాదు. ఎత్తూ బరువూ మారలేదు కాబట్టి మజ్దా చెప్పిన 26 నుంచే మొదలుపెట్టు, కావాలంటే ఒకటి రెండు పెంచి చూడు. 195/50 ఆర్15 మీద మామూలుగా 82 అని లోడ్ ఇండెక్స్ ఉంటుంది. అంటే సరిపడా గాలితో ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. నీ బండి ఒక్కో చక్రం మీద మోపేది అందులో సగానికి కొంచెం ఎక్కువ. 35 కొడితే నేలను తాకే జాగా తగ్గిపోయి, నువ్వు డబ్బు పెట్టి కొన్న పట్టుని గాలితోనే పోగొట్టుకుంటావు. ఇంకొక్క ఖర్చుంది, దాన్ని మాత్రం మానకు. వీల్ అలైన్‌మెంట్. మియాటా ముందూ వెనకా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, నాలుగు చక్రాల వాలునీ బోల్టులు తిప్పి సరిచెయ్యొచ్చు. ముప్పై ఏళ్లలో ఆ బోల్టుల్ని ఎవరూ ముట్టుకుని ఉండకపోవచ్చు, తుప్పు పట్టి కదలకపోతే కొంచెం ఓపిక పట్టాలి. అవి సరిగ్గా లేకపోతే కొత్త టైర్ల లోపలి అంచు ముందే అరిగిపోతుంది. ఏడొందల్ని వరస పెట్టమంటే నేను పెట్టే వరస ఇది. అన్నిటికన్నా ఎక్కువ భాగం నాలుగు ఒకే రకం టైర్లకి, తర్వాత అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ, ఆఖరికి మిగిలిందాంతో వాడిన 15 అంగుళాల రిమ్ములు. రిమ్ములకి డబ్బు చాలకపోతే అవీ వద్దు. 14 మీదే ఉన్నవాటిలో మంచి ఆల్-సీజన్ వేసి ఏడాది నడుపు. తేలిక బండి పట్టు తక్కువున్న టైర్ల మీద నెమ్మదిగా జారడంలో ఒక ఆట ఉందని తాదా అనుకున్నాడని చెప్పాను కదా.

బామ్మర్ది: చివరాఖరి ప్రశ్న. 14 అంగుళాలకి పట్టిన గతే ఐదారేళ్లలో 15కీ పడుతుంది. కొత్త కార్లన్నీ 17, 18 మీద వస్తున్నాయి. అప్పుడు మళ్లీ రిమ్ములు కొనాలి కదా? ఇవాళే 16 కొని పెట్టుకుంటే ఒక ఖర్చు తప్పదా?

బావ: అది తీసిపారెయ్యాల్సిన మాట కాదు. మజ్దా కూడా 2001 నాటికి రెండో తరం పై రకాలకు 205/45 ఆర్16 ఇచ్చింది. ఎత్తు 591, నీ పాత కొలతకన్నా రెండు శాతం మీద కాస్త ఎక్కువ. నేను గీసిన గీత దాటుతుంది గానీ బండికి ఎక్కుతుంది. అయితే 15లో మంచి రబ్బరు ఇంకా తయారవుతున్నది కొత్త కార్లకోసం కాదు. ఈ బండితో రేసులాడేవాళ్ల కోసం, కోన్ల మధ్య తిప్పేవాళ్ల కోసం. వాళ్లు ఉన్నన్నాళ్లూ 205/50, 225/45 ఆగిపోవు. ముందు సన్నగిల్లేది 195/50. అది నిజంగా కరువైన రోజున నువ్వు చెయ్యాల్సింది వాడిన ఏడంగుళాల 15 రిమ్ములు వెతుక్కుని 205కి మారడం. ఈ లోగా నీ ఏడొందలూ 16 రిమ్ముల మీద పెట్టి టైర్ల దగ్గర చెయ్యి కట్టుకోవడం మంచిదో, ఇప్పటి టైర్లు అరిగేదాకా 15 మీద తిరగడం మంచిదో నువ్వే చూసుకో. ఆ 17 అంగుళాల సెట్టు అమ్మేవాడికి ఫోను చేసి, నాలుగు టైర్ల మీదా ఉన్న ఆఖరి నాలుగంకెలూ ఫొటో తీసి పంపమను. నాలుగూ ఒకే వారానివి కాకపోతే ఎందుకు కాదో కూడా అడుగు.